దోషమెప్పుడు గుణమగును?

పుర్రెకొక బుద్ధి, జిహ్వకొక రుచి యని తెలుగువారి సామెత. ఇది వివాదములను శమింపజేయు సామెత. భోజనపంక్తిలో ఇరువురు కాకరకాయ కూరను గూర్చి వాదించుకొనుచుండగా మూడవవాడు ఈ మాట పలుకును, వాదము ముగియును. కాని సామెత వాదమును ముగించునే గాని ప్రశ్నను పరిష్కరింపదు. కూరలో ఉప్పు ఎక్కువైనదని చెప్పువాడు తన నాలుకను గూర్చి చెప్పుచున్నాడా, కూరను గూర్చి చెప్పుచున్నాడా? కూరను గూర్చియే యని వండినవారెల్లరు ఎరుగుదురు. కనుకనే ఆ మాట విన్నంతనే వారి ముఖము చిన్నబోవును. జిహ్వలు వేరైనను, రుచిని గూర్చిన తీర్పు జిహ్వను దాటి వస్తువును తాకవలెనని మానవుడు కోరుచునే యున్నాడు.

అట్లయిన గుణమేది, దోషమేది యని నిర్ణయించు అధికార మెవరిది? ఒకచోట దోషమని పారబోయబడినది మరియొకచోట గుణమని కొనియాడబడినప్పుడు, ఆ ఇరువురిలో ఒకరు పొరబడినట్లేనా? ఈ ప్రశ్న వంటయింట పుట్టినను అచ్చటనే నిలువదు. గ్రంథములను గూర్చి, ఆచారములను గూర్చి, తుదకు మనుష్యులను గూర్చి లోకము చేయు తీర్పు లన్నిటిలోను ఇది దాగియున్నది. దీనిని విచారించుటకు దూరదేశపు పానీయ మొకటి అనువైన ఉదాహరణముగా నున్నది.

బెల్జియము దేశపు దక్షిణపు కొసను, ఫ్రాన్సు సరిహద్దునకు చేరువగా, ఆర్వాల్ అను మఠము కలదు. 1070లో ఇటలీలోని కలబ్రియా ప్రాంతమునుండి వచ్చిన సన్న్యాసులు దానిని స్థాపించిరి. 1132లో సిస్టర్షియను సంప్రదాయమువారు అచ్చటికి చేరిరి. మటిల్డా యను ప్రభ్వి అచ్చటి ఊటలో తన ఉంగరమును జారవిడువగా, ఆమె ప్రార్థన విని ఒక చేప దానిని నోట కరచుకొని పైకి వచ్చెనని ఐతిహ్యము. ఉంగరమును కోల్పోయిన కథలోను, చేపవలన అది దొరకిన కథలోను పెరిగిన భారతీయ పాఠకులకు ఈ ఐతిహ్యము కొత్తగా తోపదు. 1793లో ఫ్రెంచి విప్లవ సైన్యము ఆ మఠమును తగులబెట్టెను. నూట ముప్పది యేండ్లు అది శిథిలమై పడియుండెను. 1926 ప్రాంతమున పునర్నిర్మాణము ఆరంభమైనది. ఆ పనికి ధనము సమకూర్చుటకై 1931లో మఠప్రాంగణముననే బీరు తయారుచేయు శాల నొకదానిని నెలకొల్పిరి. నూతన మఠమునకు రూపకల్పన చేసిన శిల్పి ఆన్రీ వాఎస్ ఆ పానీయమునకు తగిన గాజుపాత్రను సైతము రూపొందించెను. చేపయు ఉంగరమును నేటికిని దాని ముద్రగా నున్నవి.

ఈ పానీయమునందు రెండు విశేషములు కలవు. మొదటిది చేదు. బీరునకు చేదు నిచ్చునది హాప్ అను తీగ యొక్క పుష్పము. సాధారణముగా దానిని మరుగుచున్న యవధాన్యపు రసములో వేయుదురు. ఆర్వాల్ నందు మరుగుట ముగిసి చల్లారిన పిమ్మటకూడ పుష్పములను మరల నానవేయుదురు. దానివలన చేదుతోపాటు పచ్చిగడ్డి, నారింజతొక్క, పూలు వీనిని తలపించు సువాసన పానీయమున నిలుచును. రెండవది కిణ్వము, అనగా పులియజేయు సూక్ష్మజీవి. ముందుగా పెంపుడు ఈస్టు తన పని ముగించును. తరువాతి దశలో అడవి ఈస్టును చేర్తురు. బ్రెట్టనోమైసిస్ అని దాని శాస్త్రీయ నామము. పెంపుడు ఈస్టు కొలది దినములలో చక్కెరలను తిని ఊరకుండును. అడవి ఈస్టు మాత్రము, మొదటిది జీర్ణించుకొనలేని శేషమును సీసాలో నెలల తరబడి మెల్లమెల్లగా తినుచునే యుండును. కావున సీసాలో మూత బిగించిన పిదపకూడ ఆ పానీయము మారుచునే యుండును.

కొత్తసీసాను తెరచినవానికి ముందుగా దట్టమైన నురుగు, ఎరుపు కలిసిన నారింజ వర్ణము కనిపించును. ముక్కునకు హాప్ పరిమళము సోకును. నాలుకపై చేదు స్ఫుటముగా, శుభ్రముగా నిలుచును. అదే పానీయము ఆరు నెలలో సంవత్సరమో నేలమాళిగలో నుండిన పిదప తెరచినచో పరిమళము వెనుకకు తగ్గియుండును, చేదు మెత్తబడియుండును, తీపి యనునది జాడయైన లేక నాలుక పొడిబారినట్లగును. మధ్యనుండి ఎండుగడ్డి, పాతతోలు, గుఱ్ఱపుసాల వీనిని జ్ఞప్తికి తెచ్చు వాసన యొకటి లేచును. సీసాపై వ్రాయబడు గడువు ఐదు సంవత్సరములు. కొందరు కొత్తదానినే మెచ్చుకొందురు. కొందరు పాతదానికై వేచియుందురు. రెండింటిపైని పేరు ఒక్కటే.

గుఱ్ఱపుసాల వాసనను మనుష్యుడు మెచ్చుట విపరీతమని తోచవచ్చును. చేదును మెచ్చుటయు అట్టిదే. ప్రకృతిలో విషములు పెక్కు చేదుగా నుండును. కనుకనే పసిబిడ్డ చేదును ఉమిసివేయును. చేదుపై ప్రీతి పుట్టుకతో రాదు, నేర్చుకొనవలసినదే. చరకసంహిత తిక్తరసమును గూర్చి చెప్పినది మనోహరమైన మాట: అది తాను రుచింపదు, కాని అరుచిని పోగొట్టును. ఉగాదినాడు వేపపువ్వు నోటబెట్టిన తెలుగు బాలుడు ముఖము వికారముగా పెట్టును. ఏండ్లు గడచిన పిదప అదే పువ్వు లేని పచ్చడిని అతడు ఉగాది పచ్చడియని ఒప్పుకొనడు. ఈ మధ్యకాలమున మారినది పువ్వు కాదు. అట్లని అతడు మోసపోయినాడనియు చెప్పరాదు. తీపిని పులుపును వేరువేరుగా కాక, ఒక పచ్చడిగా రుచిచూచుట అతనికి అలవడినది.

ఇక ఈ అడవి ఈస్టు చరిత్ర గుణదోషముల చరిత్రయే. 1883లో కోపెన్‌హేగన్ నగరపు కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ అను శాస్త్రజ్ఞుడు ఒకేయొక కణమునుండి శుద్ధమైన ఈస్టును పెంచు విధానమును సాధించెను. అంతవరకు బీరు తరచుగా చెడిపోవుచుండెను; చెరచునది అడవి ఈస్టులని ఆయన నిరూపించెను. ఆ శాల యజమాని యాకబ్సెన్ ఆ శుద్ధ కిణ్వమును దాచుకొనక ఇతర శాలలకు ఉచితముగా పంచిపెట్టెను. బీరు లోకమున శుచి నెలకొన్నది. ఇరువది యేండ్లు గడచినవి. అదే కార్ల్స్‌బర్గ్ సంస్థలో క్లాసెన్ అనునతడు ఇంగ్లండు దేశపు పాతబీర్లను పరీక్షించి, వానికి ప్రఖ్యాతి తెచ్చిన విలక్షణ రుచికి కారణము ఒక అడవి ఈస్టేయని 1904లో ప్రకటించెను. బ్రిటను శిలీంధ్రమను అర్థము వచ్చునట్లు దానికి బ్రెట్టనోమైసిస్ అని పేరిడెను. అడవి ఈస్టులను దొంగలని వెలివేసిన ఇంటనే వారిలో ఒకనికి నామకరణోత్సవము జరిగినది.

నేటికిని ద్రాక్షసారాయము చేయువారిలో పెక్కురు ఆ పేరు వినినంతనే ఉలికిపడుదురు. ఆ జీవి పుట్టించు ఇథైల్‌ఫీనాల్ మొదలగు పదార్థములు ద్రాక్ష సువాసనను కప్పివేయును. అల్పమాత్రలో దానిని సహించువారు కొందరు లేకపోలేదు. కాని మాత్ర మీరినచో పీపాలకు పీపాలు చెడినట్లే. ఆర్వాల్ నందు గుణమైనది అచ్చట దోషము. జీవి అదే, పదార్థము అదే, వాసన అదే. పరీక్షాయంత్రము రెండుచోట్లను ఒకే పేరు చెప్పును. ఇద్దరు నిపుణులలో ఎవరిది సత్యము?

స్కాట్లండు తత్త్వవేత్త డేవిడ్ హ్యూము 1757లో రుచికి ప్రమాణమును గూర్చి వ్రాసిన వ్యాసమున, డాన్ క్విక్సోటు గ్రంథమునుండి ఒక ముచ్చటను గ్రహించెను. ఇద్దరు బంధువులు ఒక పీపాలోని ద్రాక్షసారాయమును పరీక్షించిరి. మంచిదే కాని తోలువాసన కొంచెము కలదని ఒకడనెను; మంచిదే కాని ఇనుపవాసన కలదని రెండవవాడనెను. వినినవారెల్లరు నవ్విరి. పీపా ఖాళీ యైన పిదప అడుగున తోలుపట్టీ కట్టిన పాత తాళపుచెవి దొరకినది. ఉన్నదానిని ఉన్నదని గుర్తించు సూక్ష్మశక్తి కొందరికి కలదనియు, నవ్వినవారికి అది లేదనియు హ్యూము సిద్ధాంతము. ఇది అంగీకరింపదగినదే. కాని ఆ కథ ఒక ప్రశ్నకు మాత్రమే సమాధానము చెప్పినది: తోలువాసన ఉన్నదా, లేదా? ఉన్న తోలువాసన ఉండదగినదా, కాదా యనునది వేరు ప్రశ్న. తాళపుచెవి మొదటిదానికి సాక్షి. రెండవదానికి పీపా అడుగున ఏ సాక్షియు దొరకడు.

జర్మను తత్త్వవేత్త కాంటు 1790లో ఈ చిక్కును తప్పించుకొన జూచెను. మద్యము తనకు ప్రియమని మాత్రమే యెవడైనను చెప్పవలెను. అందరు దానిని ప్రియమని యొప్పుకొనవలెనని కోరు హక్కు అతనికి లేదు. ఆ హక్కు సౌందర్యమును గూర్చిన తీర్పునకే కలదని ఆయన విభజన. ఇది ఇంచుమించుగా తెలుగు సామెతయే. అయినను జిహ్వను సౌందర్యమునుండి ఇట్లు వెలివేయుటకు భారతీయ శాస్త్రకారు లంత సులభముగా సమ్మతింపరు. నాట్యరసమును వివరింపవలసి వచ్చినప్పుడు భరతుడు వెదకిన ఉపమానము భోజనమే. నానావిధ వ్యంజనములతో కూడిన అన్నమును భుజించు ప్రసన్నచిత్తుడు ఎట్లు రుచులను ఆస్వాదించునో, ప్రేక్షకుడు అట్లే స్థాయిభావములను ఆస్వాదించునని ఆయన మతము.

రెండవ ప్రశ్నకు సమాధానము తొమ్మిదవ శతాబ్దివాడైన ఆనందవర్ధనుని వద్ద దొరకును. పూర్వాలంకారికులు శ్రుతికటువు మొదలగు కావ్యదోషములను పేర్కొనిరి. అవి నిత్యదోషములు కావని ధ్వనికారుని వాదము. శృంగారము ప్రధానమైనచోట కర్ణకఠోరమైన శబ్దము దోషమే. రౌద్రమున అదే శబ్దము దోషము కాదు, ఆ రసమునకు తోడ్పడును. దోషమనునది శబ్దమునకు అంటుకొనియున్న మచ్చ కాదు; అంగమునకును అంగికిని గల పొంతన లేమియే దోషము. ఆయనకు ముందే భామహుడు, మలినమైనదికూడ ఆశ్రయించిన చోటు యొక్క అందమువలన శోభించునని చెప్పి కాటుకను ఉదాహరించియుండెను. కంట నున్న కాటుక అలంకారము. చెంపపై నంటిన కాటుక మరక.

ఈ దృష్టితో చూచినచో ఇద్దరు నిపుణుల తీర్పులును సత్యములే. ద్రాక్షసారాయమునకు ద్రాక్షఫలపు సౌరభము అంగి. అడవి ఈస్టు దానిని కప్పివేయును గాన దోషము. ఆర్వాల్ నందు చేదు, పొడిదనము, కాలపరిపాకము కలిసి అంగిగా నున్నవి. అడవి ఈస్టు చక్కెర శేషమును తొలగించి ఆ పొడిదనమును సాధించును, చేదు పరిమళము అణగిపోవు వేళకు ఆ చోటిని తాను నింపును. అది అచ్చట కూలివాడు కాదు, కుటుంబసభ్యుడు. అట్లని ఎల్ల రుచులును సమానములను సిద్ధాంతము దీనివలన రాదు. ఆ మఠమున తయారైన సీసా ఒకటి వెనిగరువలె పులిసిపోయినచో, అది చెడినదని అచ్చటి సన్న్యాసులే మొదట చెప్పుదురు. దోషము సాపేక్షమైనను, యథేచ్ఛమైనది కాదు.

ఇంతవరకు మార్గము సుగమమే. దీనినుండి మనుష్యులను గూర్చిన తీర్పునకు అడుగు వేయునపుడే జాగరూకత కావలెను. కఠినముగా మాటలాడు ఉపాధ్యాయుడు ఒకడుండును. విద్యార్థి తప్పును దాచక చెప్పుటయే ఆయన కాఠిన్యమునకు ప్రయోజనమైనచో, ఏండ్లు గడచిన పిదప ఆ విద్యార్థి ఆ కాఠిన్యమునే కృతజ్ఞతతో తలచుకొనును. కొత్తసీసాలో కటువైనది పాతసీసాలో మెత్తబడినట్లు, కాలము ఆ తీర్పును మార్చును. కాని ఇదే తర్కమును ప్రతి క్రూరుడును తన రక్షణకై వాడుకొనును. తన కోపము తన సహజగుణమనియు, దాని విలువ తెలియనివారే నొచ్చుకొందురనియు అతడు చెప్పును. ఇంటిలో భార్యను బిడ్డలను వణికించువాడు తనను తాను రౌద్రరసముగా భావించుకొనవచ్చును. కావ్యమునందు పనికివచ్చిన సూత్రము ఇచ్చట అతనికి ఆయుధమగును.

ఎందువలన? కావ్యమునందు గాని పానీయమునందు గాని, కటుత్వమును అనుభవించువాడు దానిని కోరి యెన్నుకొన్నవాడే. రుచింపనిచో పుస్తకమును మూసివేయును, పాత్రను ప్రక్కకు నెట్టును. జీవితమున ఒకడు కోరుకొన్న కటుత్వమును మరియొకడు మింగవలసి వచ్చును. కనుక నీతివిషయమున అంగికి పొందికగా నున్నదా యను పరీక్ష చాలదు; ఆ చేదును మింగుచున్న దెవరు అను పరీక్షయు కావలెను. రుచిశాస్త్రము ఈ రెండవ పరీక్షను ఎరుగదు. ఎరుగదను సంగతి గుర్తుంచుకొనుటయే రసికునకు తొలి నీతిపాఠము.

ఈ పరీక్ష ఆర్వాల్ సీసాకును తప్పదు. మద్యపు రుచిని గూర్చిన చర్చ భారతదేశమున నిర్దోషముగా సాగజాలదు. మత్తుపానీయముల వినియోగమును నిషేధించుటకు రాజ్యము కృషి చేయవలెనని రాజ్యాంగపు 47వ అధికరణము ఆదేశించుచున్నది. 1990వ దశకపు ఆరంభమున నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరములు నేర్చుకొనుచున్న గ్రామీణ స్త్రీలు సారా దుకాణమునకు ఎదురు నిలిచిరి. 1992 నాటికి ఆ ఉద్యమము ఆంధ్రప్రదేశమంతట వ్యాపించినది. 1993లో సారా, 1995 జనవరిలో సమస్త మద్యము నిషేధింపబడినవి. 1997లో ఆ నిషేధము సడలింపబడినది. ఆ స్త్రీలలో ఎవరును సారా రుచిని గూర్చి వాదింపలేదు. సారా త్రాగినది భర్తలు. దాని చేదును మింగినది తాము. వారి వాదము ఇంతే, ఇది చాలును.

సారాకు రుచియే లేదు, త్రాగువాడు దానిని గొంతులో పోసికొని కష్టమును మరచును. ఆర్వాల్ నైతే నెమ్మదిగా ఆస్వాదింతురు. కనుక రెండును వేరు అని రసికుడు బదులు చెప్పవచ్చును. ఇందు కొంత నిజము కలదు. మరపునకై త్రాగుట వేరు, శ్రద్ధతో రుచిచూచుట వేరు. కాని శరీరము ఈ భేదమును అంతగా గౌరవింపదు. ఆర్వాల్ నందు 6.2 శాతము మద్యసారము కలదు. ఆరోగ్యమునకు హాని చేయని మద్యపాన పరిమాణ మేదియు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించినది. శ్రద్ధ హానిని తగ్గింపవచ్చునే గాని రద్దు చేయదు. గుఱ్ఱపుసాల వాసన అనిత్యదోషమని నిరూపించినవాడు మద్యసారముకూడ అనిత్యదోషమేనని అదే ఊపులో తీర్పు చెప్పరాదు. ఒకటి రుచిని గూర్చిన తీర్పు. రెండవది రుచిచూచుటను గూర్చిన తీర్పు.

గాంధీ మహాత్ముడు 1930లో యెరవాడ కారాగారమునుండి ఆశ్రమవాసులకు వ్రాసిన లేఖలలో అస్వాదమును ఒక వ్రతముగా వివరించెను. ఆహారము శరీర ధారణకే గాని నాలుక ప్రీతికి కాదని ఆయన నిష్ఠ. ఆయన మెచ్చిన పానీయము నీరా. తాటిచెట్టునుండి తెల్లవారుజామున దించిన ఆ తియ్యని రసమునకును కల్లునకును మధ్య కొన్ని గంటల వ్యవధి మాత్రమే కలదు. ఆ గంటలలో గాలినుండియు కుండనుండియు చేరిన అడవి ఈస్టులు ఆ మార్పును తెచ్చును. కుండలోపల సున్నము పూసినచో నీరా నీరాగా నిలుచును. అస్వాద వ్రతము అట్టి సున్నపు పూత వంటిది. దానిలో భద్రత కలదు. కాని రుచిని త్యజించినవాడు రుచిని గూర్చి తీర్పు చెప్పు పనిని ఇతరులకు విడిచిపెట్టినవాడగును.

క్రైస్తవ సన్న్యాసులు మరియొక మార్గమును అనుసరించిరి. ఆరవ శతాబ్దినాటి బెనెడిక్టు మహర్షి నియమావళి, ద్రాక్షసారాయము సన్న్యాసులకు తగినది కాదని ఒప్పుకొనుచునే, ఆ కాలపువారిని అట్లు నమ్మింపజాలక దినమునకు ఇంతయని మితము విధించినది; పూర్తిగా మానగల శక్తి కలవారికి ప్రత్యేక ఫలము కలదని చేర్చినది. స్వహస్తముల శ్రమతో జీవించువాడే నిజమైన సన్న్యాసి యనియు అదే నియమావళి చెప్పును. ఆర్వాల్ మఠము ఈ రెండు వాక్యముల నడుమ నిలిచియున్నది. అమ్మకమువలన వచ్చినది సన్న్యాసుల జీవికకును దానధర్మములకును వినియోగమగును. వారి భోజనపు బల్లకు మాత్రము సుమారు 3.5 శాతము మద్యసారము గల పలుచని పానీయము వేరుగా తయారగును. లోకమునకు గాఢమైనది అమ్మి తాము పలుచనిది త్రాగుట కపటమని ఒకడు ఆక్షేపించును; తమ చేతిపని బలమును వా రెరిగియుండుటకు నిదర్శనమని మరియొకడు సమర్థించును. రెండు మాటలలోను తూకము కలదు. నియమావళి స్వయముగా ఈ తగవును తీర్చలేదు; మితమును విధించి, మానినవానిని అధికునిగా గౌరవించి ఊరకున్నది.

కావున తీర్పు చెప్పబోవువాడు మూడు ప్రశ్నలను వేరువేరుగా అడుగుకొనవలెను. తాను దోషమనునది నిజముగా అందున్నదా? ఉన్నచో, అది ఆ వస్తువు యొక్క ప్రధాన ధర్మమును చెరచుచున్నదా, పోషించుచున్నదా? దాని మూల్యమును చెల్లించుచున్న దెవరు? మొదటిదానికి శిక్షితమైన ఇంద్రియము చాలును. రెండవదానికి సహృదయత కావలెను. మూడవదానికి రెండును చాలవు. ప్రక్కయింటి గోడకు చెవియొగ్గవలెను. ఒక ప్రశ్నకు వచ్చిన సమాధానమును మరియొకదానికి అంటగట్టుటవలననే అన్యాయములు పెక్కు జరుగుచున్నవి. నీతి పేరిట రుచిని నిందించువాడు చేయునదియు అదే, రుచి పేరిట నీతిని దాటవేయువాడు చేయునదియు అదే.

ఆర్వాల్ సీసాపై అది నింపబడిన దినము ముద్రింపబడియుండును. ఎరిగినవారు రుచిని గూర్చి మాటలాడుటకు ముందు ఆ తేదీని చూతురు. మనుష్యులను గూర్చి, గ్రంథములను గూర్చి చెప్పు తీర్పులకును అట్టి తేదీ యొకటి వేయుట మేలు. ఆ దినమున, ఆ వయస్సున, ఆ మాత్రమే తెలిసియుండగా అట్లు తోచినదని ఆ ముద్ర తెలుపును; సీసాలో ఇంకను మార్పు జరుగుచున్నదనియు గుర్తుచేయును.